వాంగ్మూలంలా చదవాల్సిన పద్యాలు

సంపాదకులకు నమస్కారం.

కష్టకాలంలో పరీక్షకు నిలిచిన స్వామిభక్తి గురించి, ప్రాచీన చైనా కవిత్వాన్ని పరిచయం చేస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. అనువాదాలు హాయిగా సాగాయి. మా అభ్యంతరం ఒక్కటే. ప్రతి పద్యం కింద కవి పేరూ రాజవంశం పేరూ తప్ప మరేమీ వేయలేదు. ఏ ఏడాది రాశాడు, ఎవరికి రాశాడు, అప్పటికి కొలువులో ఉన్నాడా చెరసాలలో ఉన్నాడా అన్నది తీసేస్తే ఈ రకం పద్యాల్లో మిగిలేది తక్కువ. రాసినవాళ్ళలో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగులు. ఈరోజు రాసిన నాలుగు పంక్తులు రేపు విచారణలో తమను కాపాడవచ్చు, లేదా తమ మెడకే చుట్టుకోవచ్చు అని ఎరిగి రాసినవాళ్ళు. అందుకే వీటిని స్తోత్రాల్లా చదివితే చప్పగా ఉంటాయి, వాంగ్మూలాల్లా చదివితే కదులుతాయి.

ఇది మా ఊహ కాదనడానికి తాంగ్ రాజవంశ కాలపు కవి వాంగ్ వే ఉదంతం చాలు. 755 చివర్లో సేనాని ఆన్ లూషాన్ తిరుగుబాటు మొదలైంది. మరుసటి ఏడు రాజధాని చాంగాన్ పడిపోయింది. చక్రవర్తి శ్వాన్‌జోంగ్ పడమటి కొండల వైపు పారిపోయాడు. వెంట వెళ్ళలేకపోయిన వాంగ్ వే తిరుగుబాటుదారులకు చిక్కాడు. మందు మింగి విరేచనాలు తెచ్చుకున్నాడు, మాట పడిపోయినట్టు నటించాడు. అయినా వదల్లేదు, రెండో రాజధాని లోయాంగ్ తీసుకెళ్ళి బోధి ఆలయంలో బంధించి బలవంతాన ఒక పదవి కట్టబెట్టారు. ఆ రోజుల్లోనే నింగ్‌బీ కొలను గట్టున ఆన్ లూషాన్ విందు చేసి, చెరపట్టిన ఆస్థాన సంగీత విద్వాంసుల చేత వాయింపజేశాడు. లే హైచింగ్ అనే వాద్యకారుడు వాద్యాన్ని నేలకేసి కొట్టి పడమటికి తిరిగి ఏడ్చాడు. అతన్ని ముక్కలుగా నరికారు. ఆలయానికి చూడవచ్చిన స్నేహితుడు పే దీ ఈ సంగతి చెప్పగా వాంగ్ వే అక్కడికక్కడే ఆశువుగా చెప్పిన పద్యం ఇది:

పదివేల ఇళ్ళ గుండెకోత, పాడునేల మీద లేచే పొగ;
వందమంది అధికారులు ప్రభువు ఎదుట మళ్ళీ నిలిచేది ఏనాడు?
శరత్కాలపు చెట్ల ఆకులు ఖాళీ రాజభవనంలో రాలుతున్నాయి;
నింగ్‌బీ కొలను గట్టున వేణువులూ తంత్రులూ మోగుతున్నాయి.

మూలంలో ఇది పంక్తికి 7 చొప్పున 28 అక్షరాలు. శీర్షిక మాత్రం పద్యం కన్నా పొడవు. బోధి ఆలయంలో బందీగా ఉండగా, పే దీ చూడవచ్చి, ద్రోహులు కొలను మీద సంగీతం పెట్టించారనీ, విద్వాంసులు గొంతెత్తగానే అందరి కళ్ళా నీళ్ళు తిరిగాయనీ చెప్పగా, రహస్యంగా నోటితోనే కట్టి పే దీకి వినిపించినది అని అంతా శీర్షికలోనే ఉంది. చోటు, సందర్భం, సాక్షి పేరు. శీర్షికను కత్తిరించి "నింగ్‌బీ కొలను" అని పెట్టడం సంకలనకర్తలకు అలవాటు, మీ వ్యాసంలోనూ అదే జరిగింది. పద్యంలో 'నేను' లేదు. శత్రువు మీద తిట్టు లేదు. భక్తి అన్న మాటే లేదు. రెండో పంక్తిలో ఒక ప్రశ్న, మూడు నాలుగు పంక్తుల్లో ఎదురెదురుగా పెట్టిన రెండు చోట్లు, ఒకటి నిశ్శబ్దం, ఒకటి సంగీతం. అంతే.

757లో రెండు రాజధానులూ తిరిగి చేతికొచ్చాక, తిరుగుబాటుదారుల దగ్గర పదవులు పుచ్చుకున్నవాళ్ళను ఆరు తరగతులుగా విడదీసి శిక్షలు వేశారు. కొందరి తలలు తెగాయి. వాంగ్ వే బతికి బయటపడడానికి రెండు కారణాలు. తమ్ముడు వాంగ్ జిన్ తన హోదా వదులుకుంటాను, అన్నను విడవమని అర్థించాడు. ఈ పద్యం అప్పటికే కొత్త చక్రవర్తి సూజోంగ్ విడిదికి చేరి ఉంది. ఆ తర్వాత తోటి కవి దు ఫు అతనికి పంపిన పద్యంలో "ఆ జబ్బు ప్రభువు కోసం, మూడేళ్ళూ ఒకే మనసు" అని రాశాడు. అంటే మందు మింగి తెచ్చుకున్న జబ్బును కూడా సాక్ష్యంలో చేర్చాడన్నమాట. అదే పద్యంలో వాంగ్ వేను పరాయి కొలువులో చిక్కుబడిన పాతకాలపు కవి యూ షిన్‌తో పోల్చాడు, ఒక ప్రభువు తరఫున తిట్టి ఆ తిట్టించుకున్నవాడి కొలువులోనే చేరిన చెన్ లిన్‌తో పోల్చవద్దన్నాడు. స్నేహితుడి పక్షాన వకాల్తా పుచ్చుకున్నట్టే ఉంటుంది చదివితే.

పద్యం ఉరితాడయిన ఉదాహరణ తర్వాతి సోంగ్ రాజవంశ కాలంలో ఉంది. 1079లో కవి, అధికారి అయిన సూ షిని హూజౌ నుంచి పట్టుకొచ్చి రాజధానిలో దాదాపు 130 రోజులు నిర్బంధించారు. ఆయన పద్యాల్లో రాజధిక్కారం ఉందని అభియోగం. ఒక్కో పద్యం ముందు పెట్టి దీని భావమేమిటని అడిగారు. ఆ విచారణ కాగితాలు నేటికీ ఉన్నాయి. మధ్యలో ఒక మంత్రి, రెండు చెట్ల మీద సూ షి రాసిన పద్యం పట్టుకొచ్చాడని చెబుతారు. వేళ్ళు పాతాళం దాకా వెళ్ళినా వంకర లేదు, ఆ సంగతి నిద్రపోతున్న డ్రాగన్‌కే తెలుసు అన్నది అందులోని మాట. డ్రాగన్ అంటే చక్రవర్తి కదా, ఆకాశంలో ఉన్న తమరిని కాదని భూమి కింద డ్రాగన్‌ను వెతుకుతున్నాడు అన్నాడట మంత్రి. చక్రవర్తి షెన్‌జోంగ్ "అతను చెట్టు మీద పద్యం రాసుకుంటే నాకేం సంబంధం?" అని కొట్టిపారేశాడట. చివరికి సూ షికి హ్వాంగ్‌జౌ ప్రవాసంతో సరిపోయింది. చెట్టు కనిపించగానే రాజకీయం చదివే పాఠకులకు ఆ చక్రవర్తి జవాబు గుర్తుండడం మంచిది.

చెట్ల మాట వచ్చింది కాబట్టి పైన్ గురించి. చలి ముదిరాకే పైన్, సైప్రస్ చెట్లు చివరిదాకా వాడవని తెలుస్తుంది అన్నది కన్ఫ్యూషియస్ సూక్తి, ఆయన సంభాషణల తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అక్కణ్ణుంచే ఈ చెట్టు కవిత్వంలోకి దిగింది. మీ వ్యాసంలో వేసిన ల్యూ జెన్ పద్యం (ఈయన 217లో చనిపోయాడు) పైన్ పద్యాల్లో మేలైనది. 8 పంక్తులు, 40 అక్షరాలు, తమ్ముడి వరస బంధువుకు రాసిన మూడింటిలో రెండోది. కొండ మీద నిటారుగా పైన్, లోయలో హోరుగాలి. గాలి ఎంత బలమో కొమ్మ అంత గట్టి. మంచు ఎంత కర్కశంగా ఉన్నా ఏడాది పొడుగునా తిన్నగానే ఉంది. ఇంతవరకు అనువాదం సరే. ఏడో పంక్తి జారిపోయింది. "దానికి చలి తగలదు" అని వేశారు. మూలం చెప్పేది దీనికి తలకిందులుగా ఉంది. గడ్డకట్టే చలి దానికి తగలదా? తగులుతుంది, కానీ దాని స్వభావం అది. నొప్పి తెలియని చెట్టుకు పరీక్ష ఎక్కడిది? ఆ ఒక్క పంక్తి కోసమే పద్యం నిలబడింది. ల్యూ జెన్ స్వయంగా, యువరాజు త్సావ్ పీ భార్య ఎదుట తల దించకుండా చూసినందుకు శిక్షపడి కూలిపని చేసినవాడు. తిన్నగా ఉండడం అన్న మాట అతను తేలిగ్గా వాడి ఉండడు.

తాంగ్ చక్రవర్తి తైజోంగ్ తన మంత్రి షియావ్ యూకి ఇచ్చిన నాలుగు పంక్తుల పద్యాన్ని మీ వ్యాసకర్త ఆకాశానికెత్తారు. "ఈదురుగాలికి గట్టి గడ్డి తెలుస్తుంది, అల్లకల్లోలంలో నిజాయితీ గల మంత్రి తెలుస్తాడు" అన్నది మొదటి జంట. మొదటి సగం తైజోంగ్ సొంతం కాదు. అతనికి దాదాపు ఆరు వందల ఏళ్ళ ముందు హాన్ చక్రవర్తి గ్వాంగ్‌వూ, మిగతావాళ్ళంతా విడిచిపోయినా వెంట నిలిచిన వాంగ్ బాతో అన్న మాట. రెండో సగంలో అల్లకల్లోలానికి వాడినవి చైనా అతి ప్రాచీన గేయ సంకలనంలోని రెండు గేయాల పేర్లు. రెండూ దుష్పాలన మీద ఏడ్చినవే. ఇక ఈ పద్యం ఎవరు ఎవరికి ఇచ్చారో చూడండి. ఇచ్చినవాడు 626లో కోట గుమ్మం దగ్గర అన్ననూ తమ్ముణ్ణీ చంపి, తండ్రిని గద్దె దించి చక్రవర్తి అయినవాడు. పుచ్చుకున్నవాడు ల్యాంగ్ రాజవంశంలో పుట్టి, ఆ తర్వాత స్వే వంశపు కొలువులో పనిచేసి, ఇప్పుడు తాంగ్ మంత్రి అయినవాడు. వారసత్వ తగాదాలో డబ్బుకు లొంగలేదు, చావుకు జంకలేదు అని తైజోంగ్ అతన్ని మెచ్చుకున్నాడు. అదే తైజోంగ్ అతన్ని పలుమార్లు పదవి నుంచి తీసేశాడు కూడా. పద్యం అందంలో లోటేమీ లేదు. దాన్ని నీతిసూత్రంగా గోడకు తగిలించేముందు ఇంత తెలిసి ఉండాలి.

పంక్తుల అమరిక గురించి కొంచెం విపులంగా చెప్పాలి, అనువాదాలు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. ఎనిమిది పంక్తుల నియమబద్ధ పద్యంలో 3-4 పంక్తులు ఒక జంట, 5-6 ఒక జంట. జంటలో మొదటి పంక్తిలో ఏ స్థానంలో నామవాచకం ఉంటే రెండో పంక్తిలో అదే స్థానంలో నామవాచకం రావాలి, అంకెకు అంకె, రంగుకు రంగు. భక్తికి పరీక్ష సాధారణంగా ఈ జంటల్లోనే నడుస్తుంది. తాంగ్ కవి వెన్ టింగ్‌యున్ సూ వూ గుడి మీద రాసిన పద్యం తీసుకుందాం. సూ వూ క్రీ.పూ. 100లో హాన్ రాయబారిగా షియోంగ్‌నూ అనే సంచార జాతి దగ్గరికి వెళ్ళి నిర్బంధంలో పడ్డాడు. పొట్టేళ్ళు పాలిచ్చాక ఇంటికి పంపుతామని చెప్పి ఉత్తర సముద్రపు ఒడ్డుకు తోలారు. మంచు తిన్నాడు, ఉన్ని నమిలాడు, రాయబార దండం పట్టుకునే గొర్రెలు కాశాడు. దండానికి కట్టిన జడలబర్రె తోక వెంట్రుకలన్నీ రాలిపోయాయి. 19 ఏళ్ళకు, క్రీ.పూ. 81లో తిరిగొచ్చాడు. పద్యంలో మూడో జంట ఇది:

తిరిగొచ్చిన నాడు: మేడలు, గోపురాలు, 'మొదటి' డేరా లేదు;
వెళ్ళిన నాడు: తలపాగా, ఖడ్గం, 'నాలుగో' ఈడు.

సూ వూను పంపిన హాన్ చక్రవర్తి వూ తన డేరాలకు చైనా కాలగణనలోని పది సంజ్ఞలలో మొదటిది పెట్టి శ్రేష్ఠమైనదాన్ని గుర్తించేవాడు. మగవాడి నిండు ప్రాయానికి అదే వరసలోని నాలుగో సంజ్ఞ గుర్తు. ఆ రెండూ ఒకే స్థానంలో ఎదురుపడ్డాయి. ప్రభువు వైభవం ఒకవైపు, సేవకుడి యౌవనం ఇంకోవైపు, రెండూ పోయాయి. పైగా కాలం తిరగబడింది, ముందు రాక, తర్వాత పోక. సూ వూ వచ్చేసరికి చక్రవర్తి చనిపోయి ఆరేళ్ళు. పంపినవాడికి తిరిగి అప్పజెప్పడానికి దండం తెచ్చాడు, పుచ్చుకునేవాడు సమాధిలో ఉన్నాడు. అనువాదకులు ఈ జంటను కాలక్రమంలోకి సర్ది, "యువకుడిగా వెళ్ళి ముసలివాడై వచ్చాడు" అని కలిపేస్తారు. కవి చేసిన పనంతా దాంతో పోతుంది. రెండు పంక్తులూ విడివిడిగా, ఒకే క్రమంలో, ఒకదాని కింద ఒకటి ఉండాలి. అర్థం కాస్త మొరటుగా వచ్చినా ఫరవాలేదు.

సూ వూకి దక్కింది 20 లక్షల నాణేలు, 2 ఛింగ్‌ల పొలం, ఒక ఇల్లు, విదేశీ వ్యవహారాల పదవి. జమీందారీ ముద్ర వెంటనే రాలేదు. పద్యం చివర కవి సూ వూను ఏడిపించేది దాని గురించే. ఇలాంటి అంకెలు కూడా పద్యంలో భాగమే, అవి తెలియకపోతే ఆ చివరి మాట ఊరికే విషాదంలా వినిపిస్తుంది.

దు ఫు విషయంలో మీ వ్యాసం "వసంత దృశ్యం" ఒక్కటి వేసి ఊరుకుంది. 757లో శత్రువు చేతిలో ఉన్న చాంగాన్‌లో రాసిన ఆ పద్యంలో ప్రభువు ప్రస్తావనే లేదు. ఆయన పరీక్ష తెలియాలంటే ఆ వేసవిలో పారిపోయి ఫెంగ్‌షియాంగ్‌లోని విడిదికి చేరాక రాసింది చూడాలి. నారచెప్పులతో చక్రవర్తి దర్శనం, చొక్కా చేతుల్లోంచి రెండు మోచేతులూ బయటికి. దానికి ప్రతిఫలంగా తప్పులు ఎత్తి చూపే చిన్న పదవి ఒకటి ఇచ్చారు. ఆయన నిజంగానే తప్పు ఎత్తి చూపాడు. పదవి పోగొట్టుకున్న మంత్రి ఫాంగ్ గ్వాన్‌ను వెనకేసుకొచ్చినందుకు విచారణ ఎదుర్కొన్నాడు. శత్రువు పెట్టిన పరీక్ష కన్నా సొంత ప్రభువు పెట్టింది కష్టమైంది. ఇక 755 నాటి 500 అక్షరాల పద్యంలో "పొద్దుతిరుగుడు సూర్యుడి వైపు తిరిగినట్టు" అని మీరు వేసినది సరిచేయాలి. పొద్దుతిరుగుడు అమెరికా ఖండపు మొక్క, దు ఫు పోయిన ఎన్నో వందల ఏళ్ళకు గానీ చైనా చేరలేదు. ఆయన చెప్పింది కూరగా వండుకునే ఒక ఆకు మొక్క, చిక్కుడు ఆకుల గురించి. పేదవాడి పెరటి మొక్కలు అవి. పెద్ద పసుపుపచ్చ పువ్వు పెడితే ఆ వినయం పోతుంది.

తాంగ్ కవి జాంగ్ జీ "పతివ్రత గీతం" మీ వ్యాసంలో ప్రేమ కవితగా అచ్చయింది. ఇది చిన్న పొరపాటు కాదు. పెళ్ళయిన స్త్రీకి ఒకడు జంట ముత్యాలు పంపుతాడు. ఆమె వాటిని ఎర్రపట్టు రవికెకు కట్టుకుని, నా భర్త రాజభవనంలో ఈటె పట్టి కాపలా ఉంటాడు, నీ మనసు సూర్యచంద్రుల్లా తెలిసినదే గానీ చచ్చినా బతికినా ఆయనతోనే అని, కన్నీళ్ళతో తిరిగి పంపేస్తుంది. పెళ్ళికి ముందు కలవలేదే అన్న బాధ చివరి పంక్తి. పద్యం పేరు కిందే ఎవరికి పంపిందీ ఉంది. తూర్పున సైన్యాన్నీ పన్నులనూ తన గుప్పిట్లో పెట్టుకుని కేంద్రాన్ని లెక్కచేయని సేనాధిపతి లీ షిదావ్‌కి. అతను తన కొలువుకు పిలిచాడు, జాంగ్ జీ రానన్నాడు. ముత్యాలంటే ఉద్యోగం, భర్త అంటే రాజధాని. మొండిగా కాదంటే ప్రాణానికి ముప్పు కాబట్టి కన్నీళ్ళు అవసరమయ్యాయి. అసలు ముత్యాలు ఒంటికి కట్టుకోవడమే తప్పు కదా అని తర్వాతి విమర్శకులు కొందరు ఆమెను దెప్పారు. ఉత్తరం ఎవరి గుమ్మానికి వెళ్ళిందో వాళ్ళు మర్చిపోయారనిపిస్తుంది. లీ షిదావ్ 819లో ఓడి చచ్చాడు.

వెన్ తియన్‌షియాంగ్‌కు మీరు ఇచ్చిన నాలుగు వాక్యాలు చాలవు. 1256లో దేశంలో మొదటివాడిగా పరీక్ష నెగ్గినవాడు, సోంగ్ చివరి మంత్రుల్లో ఒకడు. 1278 చివర్లో మంగోలు సేన తరఫు సేనాని జాంగ్ హాంగ్‌ఫాన్‌కు చిక్కాడు. సముద్రం మీద ఇంకా పోరాడుతున్న జాంగ్ షిజియేకి లొంగిపొమ్మని ఉత్తరం రాయమంటే, బదులుగా తన పద్యం ఒకటి రాసిచ్చాడు. 56 అక్షరాలు. "పుట్టినవాడెవడు చావకుండా ఉన్నాడు? ఎర్రని గుండెను వెదురు మీద వెలగనిస్తాను" అని ముగుస్తుంది. వెదురు అంటే చరిత్ర గ్రంథం. పచ్చి వెదురు పలకలను మంట మీద కాచి నీరు కారిపోయాక రాసేవారు, అప్పుడు సిరా పడుతుంది, పురుగు పట్టదు. చరిత్రకు ఆ పేరు అలా వచ్చింది. ఇంకో సంగతి, ఐదు ఆరు పంక్తుల్లో వచ్చే 'భయం', 'ఒంటరితనం' రెండూ నిజంగా ఊళ్ళ పటంలో ఉన్న పేర్లు. ఒకటి అతను ఓడి వెనక్కి తగ్గిన నదీప్రవాహం, ఇంకోటి బందీగా దాటుతున్న సముద్రం.

1281లో ఇప్పటి బీజింగ్ చెరసాలలో రాసిన 60 పంక్తుల పద్యం ముందుమాటలో గది కొలతలున్నాయి. వెడల్పు 8 అడుగులు, లోతు 32 (వాళ్ళ అడుగుల్లో), ఒకే పొట్టి తలుపు. నీటి కంపు, మట్టి కంపు, ఎండ, పొయ్యి వేడి, ముక్కిన ధాన్యం, మనుషుల చెమట, కుళ్ళు, ఇలా ఏడు రకాల గాలి లెక్కపెట్టాడు. వీటికి ఎదురు తన ఒక్క గాలి, ధర్మబలం. దానికి పన్నెండు రుజువులు చూపిస్తాడు, అన్నీ చేత్తో పట్టుకోగల వస్తువులే, లేదా ఒంట్లో భాగాలే: వెదురు పలక, కుంచె, సమ్మెట, సూ వూ దండం, తల, రక్తం, పళ్ళు, నాలుక, టోపీ, విన్నపపత్రం, తెడ్డు, కొలువులో పట్టుకునే పలక. విచారణలో బల్ల మీద పేర్చినట్టే ఉంటుంది. ఇందులో రక్తం జీ షావ్ అనే అధికారిది. 304లో చక్రవర్తిని తన శరీరంతో కాచి చనిపోతే, ఆ మరకలు ఉతకొద్దన్నాడు చక్రవర్తి. అయితే జీ షావ్ తండ్రి జీ కాంగ్ తల తీయించింది ఆ చక్రవర్తి వంశమే. ఈ ముడి వెన్ తియన్‌షియాంగ్‌కు తెలియనిదేమీ కాదు. అదే చెరలో దు ఫు పంక్తులను ఏరి కొత్తగా అమర్చి 200 చిన్న పద్యాలు కూర్చాడు. 1283 జనవరిలో అతన్ని చంపారు.

సోంగ్ పోయాక మిగిలినవాళ్ళది వేరే పరీక్ష. కవి, చిత్రకారుడు జెంగ్ సిషియావ్ చేమంతి మీద రాస్తూ, కొమ్మ మీదే పరిమళాన్ని హత్తుకుని చస్తుంది గానీ ఉత్తరపు గాలికి రాలిపోతుందా అన్నాడు. చేమంతి రేకులు నిజంగానే రాలవు, పువ్వులోనే ఎండుతాయి. మంగోలులు వచ్చింది ఉత్తరం నుంచే. ఆయన ఆర్కిడ్ మొక్కలను మట్టి లేకుండా వేసేవాడు. 1306 నాటి చిత్రం ఒకటి ఒసాకా మ్యూజియంలో ఉంది. 1210లో పోతూ పోతూ లూ యూ, ఉత్తరం మళ్ళీ మనదైన రోజున పితృపూజలో నాకు చెప్పడం మరవకండి అని కొడుకులకు రాసిన నాలుగు పంక్తులు మీరు వేశారు. దానికి జోడుగా లిన్ జింగ్‌షీ రాసినది వేయలేదు. తొమ్మిది సీమలూ, అంటే చైనా అంతా, ఒకటైన రోజు ఎన్నో తరాల తర్వాతి మనవల కాలంలో వచ్చింది, కానీ కలిపింది శత్రువు, ఇప్పుడు పూజలో ఆయనకేమని చెప్పాలి అంటాడు అందులో. ఈ రెండూ విడివిడిగా అచ్చు వేయకూడదు.

సోంగ్ సేనాని యుఏ ఫే పేరుతో ప్రసిద్ధమైన వీర గీతాన్ని 1142కు ముందు రాసినట్టు ఖాయంగా చెప్పారు. అది మంగోలుల తర్వాత వచ్చిన మింగ్ వంశ కాలానికి ముందు ఎక్కడా కనిపించదు, కర్తృత్వం మీద వివాదం ఉంది. 'పేరు మీద ప్రచారంలో ఉన్నది' అంటే సరిపోతుంది.

రాబోయే భాగాల్లో ప్రతి పద్యం కింద రెండు పంక్తుల చోటు కేటాయించాలని మనవి: ఏడాది, చోటు, అప్పటి హోదా, ఎవరికి, మూలంలో పంక్తులెన్ని. జాంగ్ జీ పద్యానికైతే ఇలా ఉంటుంది: "తాంగ్ కాలం, 819కి ముందు. రాజధానిలో చిన్న ఉద్యోగిగా ఉండగా, తూర్పు సేనాధిపతి లీ షిదావ్ పిలుపుకు జవాబు. 10 పంక్తులు, 62 అక్షరాలు." శీర్షికలు ఎంత పొడవున్నా కత్తిరించవద్దు. జంట పంక్తులను ఒకే పేరాలో కలిపి వేయవద్దు.

ఇట్లు,
ప్రాచీన చైనా పద్యాల పాఠకులు కొందరు